మతి చలించిన నిందితునికీ న్యాయం

ఒక వ్యక్తి తానే వచ్చి తన పాపాన్ని ఒప్పుకున్నప్పుడు, దైవప్రవక్త (స) వెంటనే శిక్ష విధించలేదు. అతని మతి సరిగా ఉందా అని ముందు విచారించారు.

నేటి న్యాయస్థానాలు కూడా ఇలాగే విచారిస్తాయి. నేరం జరిగిన నాటి స్థితి వేరు, నేటి స్థితి వేరు. కేసు ఏమిటో గ్రహించి వకీలుతో మాట్లాడగల స్థితి నిందితునికి ఇప్పుడు లేకపోతే, విచారణ ఆపి చికిత్స చేయించాలి. అమెరికాలో మందులతోపాటు, జడ్జి పని ఏమిటి, వకీలు ఎవరి పక్షం, నేరం ఒప్పుకుంటే ఏమవుతుంది అన్నవి కూడా ఓపికగా నేర్పుతారు.

అయితే చికిత్స పేరిట నిర్బంధం అంతులేనిది కారాదు. అక్కడి ఇండియానా రాష్ట్రంలో, బుద్ధి ఎదగని ఒక చెవిటి మూగ యువకుడు ఇద్దరు స్త్రీల నుంచి మొత్తం 9 డాలర్ల సొమ్ము లాక్కున్నాడని 1968లో అభియోగం వచ్చింది. బాగుపడే ఆశ తక్కువని డాక్టర్లు చెప్పినా, బాగుపడేదాకా నిర్బంధంలోనే ఉంచమని కోర్టు ఆదేశించింది. 1972లో అమెరికా సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. కోలుకుంటాడో లేదో తేల్చడానికి తగినంత కాలమే ఉంచవచ్చని, విచారణకు తగినవాడు కాలేదన్న ఒక్క కారణంతో అంతకుమించి ఉంచరాదని తీర్పు చెప్పింది.

మన దేశంలో కూడా, నిందితుని మతి స్థిమితంపై అనుమానం కలిగితే మెజిస్ట్రేటు వైద్య పరీక్ష చేయించాలని 2023 నాటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 367వ సెక్షను చెబుతోంది.

కనుక సోదరులారా! మనవారెవరైనా ఇలా చిక్కుకుంటే, పరువు పోతుందని జబ్బును దాచకండి. పాత మందుల చీటీలు, ఆసుపత్రి కాగితాలు వకీలుకు అందించండి. నోరులేనివాని తరఫున నిజం చెప్పటం కూడా సాక్ష్యమే.