ఒంటెల దగ్గర పనిచేసేవారికి మెర్స్ ముప్పు ఎంత?

ప్రశ్న: మావారు సౌదీలో ఒంటెల షెడ్డులో పనిచేస్తున్నారు. ఒంటెలకు కరోనా ఉంటుందని, అది సోకితే మనిషి బతకడని ఎవరో చెప్పారట. ఆయన రోజూ పచ్చిపాలే తాగుతారు. వచ్చే నెల సెలవు మీద ఇంటికొస్తున్నారు. మా మామయ్యకు షుగర్. మాకూ అంటుకుంటుందా?
– ఒక సోదరి, జగిత్యాల

జవాబు: అమ్మా, మీరు విన్నది మెర్స్ గురించి. 2012లో సౌదీలో బయటపడింది. కోవిడ్ కుటుంబానిదే గానీ వైరస్ వేరు. నమోదైన సుమారు 2,600 కేసుల్లో మూడో వంతుకు పైగా చనిపోయారు. సోకినా పైకి ఏమీ తెలియనివాళ్లూ ఉన్నారు కాబట్టి, ‘బతకడు’ అన్న మాట నమ్మకండి.

చిక్కల్లా ఒంటెను చూసి పోల్చుకోలేకపోవడమే. వైరస్ ఉన్నదీ మామూలుగానే మేస్తుంది, మహా అయితే ముక్కు కారుతుంది. పిల్ల ఒంటెల చీమిడిలో వైరస్ ఎక్కువ. వాటికి పాలు పట్టేటప్పుడు, మూతికి తాడు కట్టేటప్పుడు అది చేతులకంటుతుంది, అదే చేత్తో మొహం తుడుచుకుంటారు. మాస్కు, గ్లౌజులు వేసుకోమనండి. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పని బట్టలు పడుకునే గదిలోకి తేకూడదు.

పాలు మానక్కర్లేదు, పొంగు వచ్చేదాకా కాచి తాగాలి. కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) పోసిచ్చిన గిన్నెను వద్దనడం కష్టమే, అయినా కాచుకుంటానని చెప్పాల్సిందే. మందు పేరుతో ఒంటె మూత్రం జోలికి అసలే పోవద్దు.

లక్షణాలు 2 నుంచి 14 రోజుల్లో కనిపిస్తాయి. బయలుదేరే ముందే జ్వరముంటే అక్కడే చూపించుకోవాలి. వచ్చిన రెండు వారాల్లో జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే మామయ్యకు దూరంగా వేరే గదిలో ఉంచండి. మాస్కుతో ఆస్పత్రికి వెళ్లి, డాక్టరుకు ముందుగా చెప్పాల్సింది ఒంటెల దగ్గర పనిచేసి వచ్చిన సంగతే. 2015లో గల్ఫ్ నుంచి దక్షిణ కొరియా చేరిన ఒకాయన, జబ్బేమిటో తేలకముందే ఆస్పత్రులు తిరిగారు. చివరికి 186 మందికి సోకింది, 38 మంది పోయారు. ఒంట్లో బాగుంటే మాత్రం ఆయన్ని వెలివేసినట్టు చూడకండి, అందరూ కలిసి భోంచేయండి.

ప్రశ్న: డయాలసిస్ మీదున్న మా అమ్మ ఉమ్రాకు వెళ్తోంది. మెర్స్‌కు టీకా ఉందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లేదు, ప్రత్యేకమైన మందూ లేదు. ప్రయాణానికి వేసే మెనింజైటిస్ టీకా వేరే జబ్బుకు. ఒంటెల ఫారాలకు, వాటితో ఫొటోలకు అమ్మను తీసుకెళ్లొద్దు. 2013లో సౌదీలోని అల్ అహ్సాలో మెర్స్ డయాలసిస్ యూనిట్లలోనూ పాకింది. ఉమ్రాకు వెళ్లినచోట డయాలసిస్‌కు వెళ్లినప్పుడల్లా అమ్మకు మాస్కు ఉండాలి, పక్క మంచం మీద దగ్గేవాళ్లుంటే చోటు మార్చమని మొహమాటపడకుండా అడగండి.