పళ్ళు లెక్కపెట్టుకుందాం

మనిషికి పాలపళ్ళు 20, శాశ్వత దంతాలు 32 అని సైన్సు పాఠంలో చదువుకున్నాం. కానీ నా నోట్లో ఒకటి ఎక్కువ ఉండేది. పై దవడలో, ముందు రెండు పళ్ళ మధ్యన, వెదురు మొలకలాగా కొనదేలిన చిన్న పన్ను. ఆరో తరగతిలో కొందరు నన్ను ‘మూడు పళ్ళు’ అని పిలిచేవారు. అందుకే నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. మా అవ్వేమో అది దేవుడిచ్చిన పన్ను, తీయించకూడదు అనేది.

పోయిన సంవత్సరం వార్డెన్ మేడమ్ నన్ను పళ్ళ డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ తెలుసుకున్నవి రాస్తున్నాను.

వీటిని అదనపు దంతాలు అంటారు. ముందు పళ్ళ మధ్యన వచ్చేదాని పేరు మీసియోడెన్స్. అదనపు దంతాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఆడపిల్లలకంటే మగపిల్లలకు ఎక్కువగా వస్తాయి. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి కూడా ఉండొచ్చు. ఇది శాపమూ కాదు, అదృష్టమూ కాదు.

నష్టాలు:
1. పళ్ళ మధ్య సందు వస్తుంది, పక్క పళ్ళు వంకర పోతాయి.
2. ఇరుకులో అన్నం మెతుకులు చిక్కుకుని పళ్ళు పుచ్చుతాయి.
3. కొన్ని ఎముకలోనే దాక్కుని, రావలసిన పన్నుకు అడ్డం పడతాయి. అవి కంటికి కనిపించవు. ఎక్స్‌రేలోనే తెలుస్తాయి.

వైద్యం:
అన్నిటినీ తీయనక్కర్లేదు. ఇబ్బంది లేకపోతే అప్పుడప్పుడు ఎక్స్‌రే తీసి చూస్తుంటారు. అడ్డంగా ఉంటే మత్తు సూది వేసి తీస్తారు. దారి దొరికాక ఆగిన పన్ను చాలాసార్లు దానంతట అదే దిగుతుంది. దిగకపోతే తీగ కట్టి మెల్లమెల్లగా కిందికి లాగుతారు. సందుల్ని కూడా తీగలతోనే మూస్తారు. దీనికి చాలా నెలలు పడుతుంది. తీగలు విప్పాక పళ్ళు మళ్ళీ పాత చోటికి జరగకుండా రిటైనర్ పెట్టుకోవాలి.

నాకు పన్ను తీసేశారు. సూదికి ఏడ్చాను గానీ, లాగినప్పుడు నొప్పి తెలియలేదు. సందు మాత్రం ఇంకా ఉంది. తీగలు కట్టించడానికి డబ్బు కూడబెడుతున్నానని నాన్న అన్నాడు.

కానీ నాకిప్పుడు మా తమ్ముడి గురించి బెంగగా ఉంది. వాడికి 9 ఏళ్ళు. పైన ఒక ముందు పన్ను వచ్చి ఏడాది దాటింది, పక్కది రాలేదు. ఇంట్లో అందరూ ‘వస్తుందిలే’ అంటున్నారు. ఆ పళ్ళు 7, 8 ఏళ్ళకు రావాలి. ఒకవైపు వచ్చి ఆరు నెలలైనా రెండోవైపు రాకపోతే డాక్టరుకి చూపించాలి. నా తీగలు తర్వాతైనా కట్టించుకోవచ్చు, ముందు వాడికి ఎక్స్‌రే తీయించాలి. సంత రోజు నాన్న వస్తాడు. ఆయనకు చదువు రాదు కాబట్టి ఇక్కడ నిలబెట్టి ఇదంతా చదివి వినిపిస్తాను.

మీరూ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ తమ్ముళ్ళ, చెల్లెళ్ళ పళ్ళు లెక్కపెట్టండి. మన హాస్టల్లో మూడు, నాలుగు తరగతుల పిల్లల పళ్ళు కూడా ఒకసారి చూడాలని వార్డెన్ మేడమ్‌ని కోరుతున్నాను.

– 9వ తరగతి విద్యార్థిని