గోదావరి లోయలో నదులు పేర్చిన పొరలు

నది లోతు సామాన్యముగా కొన్ని మీటర్లే. అట్టి నదులు తెచ్చిన ఇసుక, ఒండ్రు వేల మీటర్ల మందమున ఎట్లు పేరుకొనును? ఈ ప్రశ్నకు సమాధానము మన ప్రాణహిత–గోదావరి లోయలోనే గలదు.

సుమారు 30 కోట్ల సంవత్సరముల క్రిందట భారతదేశము గోండ్వానా అను మహాఖండములో భాగము. భూపటలము ఇరువైపులకు లాగబడి, రెండు పగుళ్ల నడుమనున్న భాగము క్రుంగినది. దీనినే పగులులోయ యందురు. నదులు ఆ పల్లమును పూడ్చుచుండగా అడుగు మరల దిగుచుండెను. కనుక నది ఎల్లప్పుడు పైననే ప్రవహించినది. అది వేసిన పొరలు మాత్రము పాతాళమునకు చేరినవి.

ఈ పొరలను అడుగునుండి చదువవలెను. అన్నిటికంటె క్రింద తాల్చేరు పొర. అందలి గుండ్రాళ్లు హిమానీనదముల గుర్తులు. దానిపై బరాకర్ ఇసుకరాళ్లు. నదీతీరపు చిత్తడి నేలలలో పెరిగిన గ్లోసోప్టెరిస్ వంటి మొక్కలు పూడిపోయి అచ్చట బొగ్గైనవి. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున కనుగొన్నది ఈ సంపదనే. సింగరేణి గనులకు అదియే మూలము. ఇంకను పైన మలేరి ఎర్ర మట్టిరాళ్లు, ఆపై కోటా పొరలు. కోటా పొరలలో దొరకిన డైనోసారునకు 1975లో ‘బరపాసారస్ టాగోరీ’ అని పేరిడిరి. అదే పొరలకు చెందిన కోటాసారస్ అస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రమున గలదు.

నది వేసిన పొరను గుర్తించుట కష్టము కాదు. అడుగున గులకలు, ముతక ఇసుక, పైకి పోను సన్నని ఇసుక, చివర బంకమట్టి. నది ప్రక్కకు జరిగినపుడు వేగము తగ్గి, బరువైనది ముందు, తేలికైనది తరువాత దిగును. ఇసుకరాతిలోని ఏటవాలు గీతలు ప్రవాహము ఏ దిక్కునకు సాగినదో తెలుపును.

ఇది కేవలము పుస్తక విద్య కాదు. గనిలో బొగ్గుపొర సాగుచు సాగుచు హఠాత్తుగా తెగిపోవును. అది అంతమైనదా, పగులు వెంట క్రుంగినదా యని తేల్చువాడు భూగర్భ శాస్త్రజ్ఞుడే. ఆ నిర్ణయముపై సొరంగము త్రవ్వువారి శ్రమయు, వారి క్షేమమును ఆధారపడియుండును.

విద్యార్థులారా, కోట్ల సంవత్సరములు పట్టి ఏర్పడిన బొగ్గును మనము కొలది తరములలో కాల్చివేయుచున్నాము. నది మరల వ్రాయని పుటలివి. చింపుటకు ముందు చదువుట మన ధర్మము.