బొర్రా గుహలు

విశాఖపట్నం నుండి కిరండూల్ వెళ్ళే రైలు శృంగవరపుకోట దాటిన తరువాత అనంతగిరి కొండలు ఎక్కుతుంది. ఒక సొరంగం వెంట మరొక సొరంగం వస్తుంది. వెలుగుచీకట్లు దోబూచులాడుతుండగా బొర్రా గుహల స్టేషను వస్తుంది. ఒడిశాలోని కోరాపుట్, జయపురం పట్టణాల వారు అరకు మీదుగా ఇక్కడికి చేరుకుంటారు. ఒడియాలో ‘బొర్రా’ అంటే రంధ్రమని చెబుతారు.

ఈ గుహలు గోస్తనీ నది లోయలో, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మెట్లు దిగి లోపలికి వెళితే చల్లదనం పలకరిస్తుంది. పైకప్పు నుండి కొన్ని రాళ్ళు వేలాడుతుంటాయి. నేలనుండి కొన్ని మొలిచినట్లుంటాయి. చూసేవారి ఊహను బట్టి ఒకటి శివలింగంలా, ఒకటి పుట్టగొడుగులా, మరొకటి తల్లీబిడ్డలా కనిపిస్తుంది.

పూర్వం కొండమీద మేస్తున్న ఆవు ఒకటి కన్నంలోంచి గుహలో పడిపోయిందట. దానిని వెదుకుతూ వచ్చిన పశువుల కాపరికి ఆవుతోపాటు లింగంవంటి రాయి కనిపించిందట. శివుడే ఆవును కాపాడాడని ఊరివారు నమ్మారు. గోస్తని అంటే ఆవు పొదుగు. నది ఆ పొదుగునుండే పుట్టిందని మరొక కథ.

ఈ రాళ్ళ పుట్టుకను శాస్త్రం మరో విధంగా వివరిస్తుంది. వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డై ఆక్సైడును కలుపుకొని కొద్దిగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు సున్నపురాయిని కరిగిస్తూ కిందికి దిగుతుంది. గుహలో చుక్కచుక్కగా రాలేటప్పుడు కరిగిన సున్నం పేరుకుంటుంది. అలా ఒక్క సెంటీమీటరు పెరగడానికి వంద సంవత్సరాలు పట్టవచ్చు. కాబట్టి సరదాకు విరిచిన ముక్కను మన మనుమలు కూడా తిరిగి చూడలేరు.

ఈ కొండల్లోని ఖనిజాలపై గనుల యజమానుల కన్ను పడింది. బొర్రా పరిసర గ్రామాల గిరిజనుల పక్షాన ‘సమత’ అనే సంస్థ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. షెడ్యూల్డు ప్రాంతాల్లోని ప్రభుత్వ భూములను సైతం గిరిజనేతరులకు గనుల కోసం కౌలుకివ్వరాదని సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది.

గోస్తని ఈ కొండలు దిగి, తాటిపూడి జలాశయంలో నిలిచి విశాఖపట్నం దాహం తీరుస్తుంది. చివరికి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. కొండ చెడితే ఆ నష్టం కొండవారితో ఆగదు.

ప్రశ్నలు
1. గోస్తని అనే పేరు గురించి చెప్పే కథలను సొంతమాటల్లో రాయండి.
2. గుహలో రాతి స్తంభాలు ఎలా ఏర్పడతాయి?
3. ‘కొండ చెడితే ఆ నష్టం కొండవారితో ఆగదు.’ ఎందుకు?
4. మీ ప్రాంతంలో ఒక కొండను గురించి పెద్దలు చెప్పే కథను అడిగి తెలుసుకొని రాయండి.