రాబోవువాని కొరకు కనిపెట్టినవారు

పాఠ్యభాగము: యోహాను 1:19-28; మత్తయి 11:2-6

ప్రియులారా, మన ప్రభువు దినములలో యూదులందరును ఒకే విధమైన మెస్సీయ కొరకు కనిపెట్టుచుండిరని తలంచరాదు. యెరూషలేమునుండి వచ్చిన యాజకులు బాప్తిస్మమిచ్చు యోహానును ఏమడిగిరో చూడుడి. అతడు క్రీస్తా, ఏలీయాయా, ఆ ప్రవక్తయా? పేరులు మూడు, నిరీక్షణలును మూడు.

క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపే యెరూషలేమును పట్టుకొనెను. ఆ తరువాత రూపొందిన 'సొలొమోను కీర్తనలు' అను గ్రంథములో, అన్యులను వెళ్లగొట్టి నీతితో ఏలు దావీదు కుమారుని కొరకు ప్రార్థన కలదు. 1947 మొదలుకొని మృత సముద్రతీరపు గుహలలో దొరికిన చుట్టలలో ఒకటి అహరోను మెస్సీయను, ఇశ్రాయేలు మెస్సీయను, వారితోకూడ ఒక ప్రవక్తను పేర్కొనుచున్నది. అనగా యాజకుడొకడు, రాజొకడు. సమరయులైతే ద్వితీయోపదేశకాండము 18:18 ప్రకారము మోషేవంటి ప్రవక్తకై చూచిరి.

వీరందరును లేఖనములనే పట్టుకొనిరి. అయినను మెస్సీయ శ్రమపడి చంపబడవలెనను మాట పేతురునకు సహితము మింగుడుపడలేదు (మార్కు 8:31-32).

చెట్ల వేరున గొడ్డలి ఉంచబడియున్నదని ప్రకటించిన యోహాను చెరసాలలో పడెను. గొడ్డలి వేటు వినబడలేదు. అతడు సందేహించి శిష్యులను పంపగా, ప్రభువు గద్దింపలేదు. గ్రుడ్డివారిని, కుష్ఠరోగులను, సువార్త వినుచున్న బీదలను చూపించెను. చెరసాల తలుపు మాత్రము తెరువబడలేదు.

మనమును వ్యాధి కుదుర్చు ప్రభువును, వ్యాజ్యము గెలిపించు ప్రభువును కోరుదుము. కోరుట పాపము కాదు. ఆయన మరియొక రీతిగా వచ్చునప్పుడు ఆయనను చేర్చుకొందుమా, లేక అభ్యంతరపడుదుమా? ఈ మాసము ప్రతి కుటుంబమును దీనిని ధ్యానించునుగాక.