స్టూడెంట్ వీసా మీద ఉన్నా కౌన్సిల్‌ను అడగొచ్చు

ప్రశ్న: న్యూకాసిల్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఫెనమ్‌లో ఒక ఇంట్లో ఆరుగురు స్నేహితులం అద్దెకుంటున్నాం. గోడలన్నీ బూజు. ఈ ఇంటికి అసలు లైసెన్సు ఉందా అని కౌన్సిల్‌ను అడుగుదామంటే, ‘మనకెందుకొచ్చిన గొడవ, వీసాకే ఎసరు వస్తుంది’ అంటున్నారు తోటివాళ్లు. నిజంగానే మాకు అడిగే హక్కు లేదా?

జవాబు: ఉంది. ఆ మాటకొస్తే మన దేశంలో కంటే ఇక్కడ ఇంకాస్త ఎక్కువే ఉంది. మన సమాచార హక్కు చట్టం 2005లోని 3వ సెక్షన్ ఆ హక్కును పౌరులకే ఇచ్చింది. ఎప్పుడో బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకున్న మీ ఊరి పెద్దాయన, ఓసీఐ కార్డు ఉన్నా సరే, సొంత పంచాయతీ లెక్కలను ఆ చట్టం కింద అడగలేడు. బ్రిటన్‌లో 2005 జనవరి 1 నుంచి పూర్తిగా అమలవుతున్న ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ 2000కు ఆ పట్టింపు లేదు. గుంటూరులో ఉన్న మీ నాన్నగారు కూడా న్యూకాసిల్ సిటీ కౌన్సిల్‌కు ఈమెయిల్ పెట్టొచ్చు. అసలు పేరు, జవాబు రావాల్సిన చిరునామా (ఈమెయిల్ చాలు), కావలసిన సమాచారం రాస్తే సరి. ఎందుకని చెప్పక్కర్లేదు, పోస్టల్ ఆర్డర్ జత చేయక్కర్లేదు. సమాచారం అడిగినందుకు వీసా రద్దు చేయాలనే నిబంధన ఇమిగ్రేషన్ రూల్స్‌లో లేదు.

అయితే మీ సందేహానికి అంత దూరం కూడా పోనక్కర్లేదు. ఒకే కుటుంబం కాని ఐదుగురు, అంతకు మించి, వంటగదీ బాత్‌రూమూ పంచుకుంటూ ఉండే ఇంటికి హెచ్‌ఎంవో లైసెన్సు తప్పనిసరి. హౌసింగ్ యాక్ట్ 2004 ప్రకారం ఆ లైసెన్సుల రిజిస్టరును కౌన్సిల్ ఎవరికైనా చూపించాలి. ముందు అందులో మీ ఇల్లుందేమో చూడండి. లేదూ, దరఖాస్తు కూడా పెట్టలేదంటే, యజమాని చేస్తున్నది నేరం. ట్రైబ్యునల్‌కు వెళ్లి, కట్టిన అద్దెలో కొంత వెనక్కి రాబట్టుకునే దారీ ఉంది.

ఇక దరఖాస్తు రాసేటప్పుడు మనవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. ‘మా ఏరియాలో ఎందుకు చర్య తీసుకోలేదు?’ అని కోపంగా రాస్తారు. అది ఫిర్యాదవుతుంది. ఈ చట్టం కింద వచ్చేది రికార్డులో ఉన్న సమాచారం మాత్రమే. ‘2023 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు ఫలానా వీధిలోని హెచ్‌ఎంవోల్లో ఎన్ని తనిఖీలు జరిగాయి? ఎన్ని ఇంప్రూవ్‌మెంట్ నోటీసులిచ్చారు? నెలలవారీగా పంపగలరు’ అని రాసి చూడండి. ఊరంతటి ఫైళ్లూ అడిగారనుకోండి, వెతకడానికి 18 గంటలు దాటుతుందని, అంటే గంటకు 25 పౌండ్ల లెక్కన 450 పౌండ్లు మించుతుందని చెప్పి తిరస్కరించవచ్చు. అలాంటప్పుడు ఎలా కుదించి అడగాలో చెప్పి సాయపడడం కూడా 16వ సెక్షన్ కింద వాళ్ల బాధ్యతే.

మీ గురించి, మీరిచ్చిన ఫిర్యాదు గురించి ఫైల్లో ఏం రాసుకున్నారో కావాలంటే చట్టం వేరు. డేటా ప్రొటెక్షన్ చట్టం కింద ‘సబ్జెక్ట్ యాక్సెస్’ అడగండి. ఉచితం, మామూలుగా నెలలో ఇవ్వాలి. ఇంటి యజమాని, లెట్టింగ్ ఏజెంటు ప్రైవేటువాళ్లు కాబట్టి సమాచార చట్టం వాళ్ల గడప తొక్కదు. ఈ డేటా హక్కు మాత్రం వాళ్ల మీదా పనిచేస్తుంది. మీ గురించి ఏజెంటు రాసిన ఈమెయిళ్లు తెప్పించుకోవచ్చన్నమాట. ఈ సంగతి చాలామంది విద్యార్థులు పట్టించుకోరు.

కౌన్సిల్‌కు గడువు 20 పనిదినాలు. ఇవ్వనంటే ముందు ఇంటర్నల్ రివ్యూ కోరండి. అక్కడా తేలకపోతే ఇన్ఫర్మేషన్ కమిషనర్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. కమిషనర్ నిర్ణయం నచ్చకపోతే 28 రోజుల్లో ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. మీరడిగాక, ఇవ్వకూడదనే ఉద్దేశంతో రికార్డు చించినా దాచినా 77వ సెక్షన్ కింద నేరం. మీ యూనివర్సిటీకీ, ఆర్వీఐ ఆసుపత్రికీ ఇదే చట్టం. ఎడిన్‌బరోలో ఉన్న మీ స్నేహితులకు మాత్రం స్కాట్లాండ్ చట్టం వేరు, కమిషనరూ వేరు.

మరొక్కటి. ఇండియన్ పాస్‌పోర్టుతో మీరు కామన్వెల్త్ పౌరులు. ఇక్కడ నివాసముంటే స్టూడెంట్ వీసా మీదే ఓటరుగా నమోదు కావొచ్చు. ఓటరైతే, 2014 నాటి ఆడిట్ చట్టం కింద ఏటా 30 పనిదినాల పాటు కౌన్సిల్ ఖాతాలు, బిల్లులు, కాంట్రాక్టులు తనిఖీ చేసి, ఆడిటర్‌ను ప్రశ్నించి, అభ్యంతరం కూడా తెలపవచ్చు. ఓటరు నమోదు ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఇంకా రాలేదని ఆగకండి, అది లేకపోయినా దరఖాస్తు తీసుకుంటారు.