పెంపుడు కుందేళ్లలో దూకుడు స్వభావం: కారణాలు, యాజమాన్యం

కొత్తగూడెం వంటి బొగ్గుగని పట్టణాలలో పిల్లల ముచ్చట కొరకు తెచ్చిన కుందేలుపిల్ల నాలుగైదు నెలల వయస్సు రాగానే కరవడం, ముందుకాళ్లతో కొట్టడం మొదలిడితే, దానిని చెడ్డదని తలచి సమీపంలోని అడవిలో వదలివేయాలనుకునేవారు ఉంటారు. ఇది సరికాదు. మన అడవులలోని చెవులపిల్లి వేరొక జాతి. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోనిది, బొరియలు త్రవ్వదు. పెంపుడు కుందేలు ఐరోపాలో బొరియలలో నివసించిన జాతికి చెందినది. తరతరాలుగా మనిషి పోషణకు అలవాటుపడిన ఈ జీవి అడవిలో మనజాలదు.

కారణాలు

దూకుడును స్వభావదోషంగా గాక, ఒక లక్షణంగా పరిగణించాలి. బొరియను కాపాడుకొనే సహజగుణమే బోనులో చేయి పెట్టినవారిని కరవడానికి మూలం. నాలుగు నుండి ఆరు నెలల వయస్సులో లైంగిక పరిపక్వత రాగానే ఈ గుణం తీవ్రమవుతుంది. ఆడ కుందేళ్లలో అబద్ధపు చూడి దశ కూడా కారణం కావచ్చు. అప్పుడు అవి రొమ్ముపై వెంట్రుకలు పీకి గూడు కట్టుకుంటాయి. కుందేలుకు తన ముక్కు ముందున్న వస్తువు కనబడదు. కనుక మూతి క్రిందకు హఠాత్తుగా చేయి చాపితే బెదరి కరుస్తుంది.

అకస్మాత్తుగా కలిగిన దూకుడుకు నొప్పిని మొదట అనుమానించాలి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతాయి. పీచు చాలని మేతతో అవి సరిగా అరగక నోటిలో పుండ్లు పడతాయి. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే ఉష్ణ ఒత్తిడి కలుగుతుంది. ఈ ప్రాంతపు వేసవిలో రేకుల కప్పు క్రింది బోను ప్రాణాంతకం.

యాజమాన్యం

1. ముందుగా పశువైద్యునిచే పళ్లు, పాదాలు, చెవులు పరీక్ష చేయించాలి.

2. మేతలో అధికభాగం గరిక వంటి పచ్చగడ్డి, ఎండుగడ్డి ఉండాలి. గింజల దాణా మితంగా ఇవ్వాలి.

3. కుందేలు బయట తిరిగే వేళలోనే బోను శుభ్రపరచాలి. రెండు ద్వారాలు గల దాగుడు పెట్టె అమర్చాలి.

4. నేలపై కూర్చుని, అదే దగ్గరకు వచ్చేవరకు వేచి, నుదుటిపై నిమరాలి. చెవులు పట్టి ఎత్తరాదు. ఎత్తవలసివస్తే ఛాతీకి, వెనుకకాళ్లకు ఆధారమివ్వాలి.

5. ఎదిగిన మగ కుందేళ్లను ఒకే బోనులో ఉంచరాదు. కుందేళ్ల శస్త్రచికిత్సలో అనుభవం గల వైద్యునిచే సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయిస్తే దూకుడు సాధారణంగా తగ్గుతుంది. ఫలితం కనబడుటకు కొన్ని వారాలు పడుతుంది.

6. కొట్టరాదు. దెబ్బ భయాన్ని పెంచుతుంది, భయం కాటును పెంచుతుంది.

కరిచిన గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో కడిగి వైద్యుని సంప్రదించాలి. సగం రోజుకు మించి మేత ముట్టని కుందేలును అత్యవసర స్థితిలో ఉన్నదానిగా భావించాలి.

ముగింపు

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించినట్లు, తన కుందేలు పుట్టుకతోనే దుష్టమైనదని యజమాని పట్టుపట్టవచ్చు. విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు అతనిని అడుగవలసినవి నాలుగు ప్రశ్నలు: దాని వయస్సెంత? ఏమి తింటున్నది? ఎక్కడ ఉంటున్నది? ఎప్పుడు కరిచింది? చాలా సందర్భాలలో వదలివేయాలనుకున్న కుందేలును నిలుపుకొనే మార్గం ఈ సమాధానాలలోనే లభిస్తుంది.